తాంబూలం, నేల టికెట్టు

పోయినవాటిని ముందు కూడుకుంటాను. ఇనుప స్తంభాలు రెండు, వలలు రెండు, తోలు బంతులు మూడు. మూడు వందల డెబ్బై అయిదు రూపాయలు పెట్టి కొన్న సామాను, నూట ఎనభైకి అమ్మేశాం. ఆ నూట ఎనభై అటునుంచి అటే బాకీల్లోకి పోయింది. అదీ చాలక అధ్యక్షుడు రెండు వందల యాభై ఒకటి, కమిటీలో మిగిలిన అయిదుగురం తలా నలభై జేబులోంచి పెట్టుకున్నాం. సామాను, జేబు డబ్బు కలిపితే ఎనిమిది వందల ఇరవై ఆరు రూపాయలు. ఇంకో దారిలో కూడి చూశాను. చివరి ఏడాది ఖర్చుకూ రాబడికీ తేడా ఆరు వందల ముప్పై ఒకటి, సామాను అమ్మకంలో నష్టం నూట తొంభై అయిదు. అదే ఎనిమిది వందల ఇరవై ఆరు.

రెండు దారుల్లో ఒకే మొత్తం వస్తే లెక్క సరిపోయినట్టే అని మా మండీలో నేర్చుకున్నాను. కాబట్టి ఈ లెక్క సరే. కానీ హోసూరు సంత మైదానంలో తొమ్మిదేళ్ళు వరసగా జరిగిన వాలీబాల్ పందెం కూడా పోయింది. వలకు మూడు గజాల దూరంలో నేల మీద గుడ్డ పరుచుకుని కూర్చునే నాలుగు వందల మంది పోయారు. వాళ్ళు చచ్చిపోలేదు, ఊరు విడిచీ పోలేదు. ఇప్పటికీ బజారులో ఎదురుపడతారు. వాళ్ళను నష్టంలో ఏ పద్దు కింద రాయాలో నాకు తెలియదు. ఎవరి వల్ల పోయారో అంతకంటే తెలియదు.

డెబ్బైలలో నేను హోసూరు బజారులో ఒక చింతపండు మండీలో లెక్కలు రాసేవాణ్ణి. చదివింది అయిదో తరగతి. మిగతాదంతా పెద్ద గుమాస్తా పక్కన కూర్చుని చెవితో నేర్చుకున్నది. సాయంత్రం మూటల పని అయ్యాక మండీ హమాలీలు ఎదురుగా ఉన్న సంత మైదానంలో రెండు సరుగుడు కొయ్యలు పాతి, మధ్యన తాడు కట్టి బంతి ఆడేవాళ్ళు. మైదానం అంచున మా బావ గోళీసోడా అంగడి. బావ అంటే మా అక్క మొగుడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కరలేనిది. బంతి చేత్తో తాకినవాడు కాదు గాని, ఆట మొదలైతే అంగడి అక్కకు అప్పగించి వచ్చి గీత పక్కన నేల మీద కూర్చునేవాడు. ఎవడైనా బంతిని కొట్టకుండా ఒక్క క్షణం అరచేతిలో ఆపుకుంటే చాలు. "చేతికి చింతపండు అంటినాదా అప్పా, బంతి వదలదే" అనేవాడు. ఆ మాటకు నేల మొత్తం నవ్వేది. తప్పు చేసినవాడు కూడా నవ్వి బంతి అవతలి వాళ్ళకు ఇచ్చేసేవాడు. రెఫరీ ఈల తరువాత వినిపించేది.

ఆ తాడు ఆట పెరిగి పందెమైంది. కృష్ణగిరిలోనూ ఇలాంటి పందెమే ఉండేది. వాళ్ళ టీము మా దగ్గరికి, మా టీము వాళ్ళ దగ్గరికి బస్సులో పోయి ఆడి రావడం. మొదటి ఏడాది కృష్ణగిరివాళ్ళు మా మైదానంలోనే మమ్మల్ని ఓడించి పోయారు. ఆ అవమానం కడుక్కోవాలని రైస్ మిల్లు యజమాని అధ్యక్షుడుగా ఆరుగురం కమిటీ అయ్యాం. నన్ను లెక్కలకు పెట్టుకున్నారు. బెంగళూరు నుంచి ఒక ఆటగాణ్ణి పిలిపించాం. అక్కడ ఒక పెద్ద ఫ్యాక్టరీలో పని, ఫ్యాక్టరీ టీములో ఆట, సొంత ఊరు కోలారు పక్క. మేమంతా ఆయన్ను పొడుగాయన అనేవాళ్ళం. ఆయన ఎగిరితే వల ఆయన నడుము దగ్గర ఉన్నట్టు కనిపించేది. బంతి నేలను తాకిన చప్పుడు బస్టాండు దాకా వినిపించేది.

రెండో ఏడాది మేం గెలిచాం. పొడుగాయన అడిగింది రానుపోను బస్సు చార్జీ, ఒక పూట భోజనం. ఆడినందుకు డబ్బు తీసుకుంటే ఫ్యాక్టరీలో ఒప్పుకోరని ఆయనే చెప్పాడు. కానీ అంత ఆట ఆడిన మనిషిని ఉత్త చేతులతో పంపడం మా ఊరికి మర్యాద కాదు. అధ్యక్షుడు పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపండ్లు, టెంకాయ పెట్టి, ఆకుల మధ్యన పదకొండు రూపాయలు దూర్చి చేతికిచ్చాడు. అది జీతం కాదు, తాంబూలం. తాంబూలం వద్దనడం ఇచ్చినవారికి అవమానం, అందులో ఎంతుందో అక్కడే చూడడం తీసుకున్నవారికి సిగ్గు. ఆయన కళ్ళకద్దుకుని సంచిలో వేసుకుని బస్సెక్కాడు. అందరికీ బాగుందనిపించింది. నాకూ బాగుందనిపించింది. ఇప్పుడు వెనక్కి చూస్తే, మొత్తం చిక్కు ఆ పళ్ళెంలోనే పడిందేమో అనిపిస్తుంది. ఖాయంగా చెప్పలేను.

తాంబూలానికి కొన్ని మెట్లుంటాయి. పదకొండు, యాభై ఒకటి, నూటపదహారు, రెండు వందల పదహారు, అయిదు వందల పదహారు, వెయ్యినూటపదహారు. జీతమైతే ఏడాదికి పది రూపాయలు పెంచవచ్చు. పంట పోయిన ఏడాది అయిదు తగ్గించి బతిమాలుకోవచ్చు. తాంబూలాన్ని పది రూపాయలు పెంచడం ఎవరూ ఎరగరు. తగ్గించడం అన్న మాటే లేదు. రెండేళ్ళు పదకొండు ఇచ్చాక యాభై ఒకటికి ఎక్కాం. ఇంకో రెండేళ్ళకు నూటపదహారు. అంతవరకు ఇబ్బంది లేదు. నేల టికెట్టు పావలా, బల్ల టికెట్టు రూపాయి. కావేరిపట్టణం నుంచి ఒకాయన అద్దెకు తెచ్చే సరుగుడు కొయ్యలతో, పలకలతో కట్టే మెట్ల వరసను మేం బల్ల అనేవాళ్ళం. నేలకు రోజుకు నాలుగు వందల మంది వచ్చేవారు, అంటే వంద రూపాయలు. కెలమంగలం సంతలో పట్టుగూళ్ళు అమ్ముకున్న రైతులు డబ్బు పంచెకొంగులో ముడివేసుకుని నేరుగా మైదానానికి వచ్చి కూర్చునేవారు.

నూటపదహారు ఇచ్చిన మరుసటి ఏడాది, కృష్ణగిరిలో పొడుగాయనకు రెండు వందల పదహారు పెట్టారని మాట వచ్చింది. ఎవరు తెచ్చారో తెలియదు. ఆయన అక్కడ కూడా ఒక రోజు ఆడిన మాట నిజం. ఎంత పెట్టారని ఆయన్ను అడగలేం, అది తాంబూలం. కృష్ణగిరి కమిటీని అడగలేం, వాళ్ళు పగవాళ్ళు. కమిటీ కూర్చున్నప్పుడు నేను నూట యాభై ఇద్దామన్నాను. కాగితం మీద నూట యాభై దాకా రాబడి సరిపోతోంది. అధ్యక్షుడు నా కాగితం వైపు చూడలేదు.

"నూట యాభై ఇస్తే మూటలు మోసినందుకు కూలి ఇచ్చినట్టుంటుందప్పా" అన్నాడు. "నూటపదహారు తరవాత రెండు వందల పదహారే. నడాన ఏమీ లేదు."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను, ఎందుకంటే మా అక్క పెళ్ళిలో నేను రాసిన చదివింపుల్లో కూడా ఆ రెండు అంకెల మధ్యన ఏమీ లేకపోవడం నాకు తెలుసు.

నూటపదహారు నాడే నేల టికెట్టు అర్ధరూపాయి చేసి ఉన్నాం. రెండు వందల పదహారుకు ముప్పావలా చేశాం. నా అంచనా ప్రకారం నాలుగు వందల మందికి ముప్పావలా చొప్పున మూడు వందలు రావాలి. వచ్చింది నూట పన్నెండున్నర. మనుషులను లెక్కపెడితే నూట యాభై మంది. అర్ధరూపాయి నాడు రెండు వందల డెబ్బై మంది వచ్చారు, నూట ముప్పై అయిదు రూపాయలు వచ్చింది. టికెట్టు పెంచితే రాబడి తగ్గింది. చింతపండు ధర పెంచినా కొనేవాడు కొంటాడు, రసం లేకుండా ఎవరూ అన్నం తినరు కాబట్టి. ఆట అలాంటిది కాదని కాగితం మీద నాకు ముందే ఎందుకు కనిపించలేదో తెలియలేదు. ఇంకో పావలా పెంచితే ఎలా ఉంటుందో చూద్దామన్నారు. అదీ చూశాం.

బావ మాత్రం ఎంత పెంచినా ఇచ్చి కూర్చున్నాడు. టికెట్టు అర్ధరూపాయి అయిన రోజు నన్ను అంగడి దగ్గర ఆపి, "ఒక పావలా వాని ఆటకు, ఇంగో పావలా వాని పొడుగుకు. బాగానే ఉండాది" అన్నాడు. ముప్పావలా అయినప్పుడు తన చుట్టూ ఖాళీ అయిన నేలను ఒకసారి చూసుకున్నాడు. రూపాయి చేసిన ఏడాది, అంటే తాంబూలం అయిదు వందల పదహారుకు ఎక్కిన ఏడాది, నేల మీద అరవై మంది. నవ్వు రావలసిన చోట రావడం లేదు. బావ మాట ఒకటి పడితే చుట్టూ ఉన్న పదిమంది నవ్వేవాళ్ళు, ఆ నవ్వు మధ్యలో ఆగిపోయేది. మిగతా హమాలీలు, రైతులు బడి గోడ మీద, నిలిపిన లారీల మీద కూర్చుని చూశారు.

అదే సమయంలో మూకండపల్లి వైపు ఫ్యాక్టరీలు లేచాయి. ఆంధ్రా నుంచి కుర్రవాళ్ళు వందల మంది వచ్చి చేరారు. నెలకోసారి జీతం చేతికొచ్చేవాళ్ళు. కుర్చీలు వేస్తే వాళ్ళు కూర్చుంటారని కమిటీలో ఒకాయన అన్నాడు. అది తప్పు ఆలోచన కాదు. తొమ్మిదో ఏడాదికి నేల తీసేసి ఆ చోట నూట యాభై కుర్చీలు వేద్దామని తేలింది. మూడు రోజులకూ కలిపి కుర్చీకి పది రూపాయలు, బల్లకు అయిదు. గోడ మీంచి, లారీల మీంచి ఊరికే చూడకుండా మైదానం చుట్టూ కొబ్బరాకుల తడికలు. కృష్ణగిరిలో అయిదు వందల పదహారు ఇచ్చారని మాట వచ్చింది కాబట్టి, పొడుగాయనకు వెయ్యినూటపదహారు.

నేను ఒక లెక్క అడిగాను. తడికలకు మూడు వందల పది అవుతోంది. నేల పావలాకే ఉంచితే మూడు రోజులకూ మూడు వందలు వస్తాయి. మనుషులను బయట ఉంచడానికి అయ్యే ఖర్చు, వాళ్ళను లోపల కూర్చోబెడితే వచ్చే డబ్బు కంటే ఎక్కువ. ఇది ఎలా లాభం? అధ్యక్షుడు నా మీద కోపపడలేదు. ఆయనా ఆలోచించాడు. లోపల పావలా మనుషులు కనిపిస్తుంటే పది రూపాయలిచ్చి కుర్చీలో ఎవరు కూర్చుంటారని అడిగాడు. ఇప్పటికీ రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి. రెండూ నిజమైతే పందెం ఎలా జరగాలో తోచదు.

నేల తీసేస్తున్నారని బావకు ముందే తెలిసింది. నేను కమిటీ ఇచ్చిన ఉచిత పాసు ఒకటి తీసుకుని అంగడికి వెళ్ళాను. కుర్చీ పాసు, ముందు వరస. అక్క సోడాబుడ్లు కడుగుతోంది. బావ పాసు చేతికి తీసుకోలేదు.

"దీన్లో కూచుంటే నేను నీ చుట్టాన్ని" అన్నాడు. "ఆట చూసేవాణ్ణి కాదు."

"మీరు లేకుంటే ఆట ఎట్ల బావా? రాండి. ఒక్క మాట మీరంటే చాలు, అందురూ నవ్వుతారు."

"ఎవురు నవ్వుతారు? నా ఎనక నేల ఉండాదా?" ఒక సోడా కొట్టి నా చేతికిచ్చాడు. "నేలోళ్ళను లోపలికి ఇడిస్తే వస్తాను. వాండ్లు గోడకవతల ఉంటే నేనూ అవతలే. తొమ్మిదో ఏడు మాకు ఆట లేకుండా చేసినారని తరవాత అనిపించుకోవద్దు."

అక్క మధ్యలో కలగజేసుకుని, బామ్మర్ది చేతిలో ఏముంది, వాడు రాసేవాడే కదా అంది. రాసేవాడికి ఒక మాట చెప్పే నోరుంటుంది కదా అన్నాడు బావ. నేను సోడా తాగి, డబ్బివ్వబోతే తీసుకోలేదు గనక, పాసు జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచి నాకు అదొక్కటే పట్టుకుంది. పందెం మూడు రోజుల్లో ఎలాగైనా నేల మళ్ళీ తెరవాలి. లేకపోతే బావ మళ్ళీ మైదానంలోకి రాడు. బావ మాట తప్పే మనిషి కాదు.

మొదటి రెండు రోజులు కుర్చీల్లో నూట ముప్పై ఒక్క మంది కూర్చున్నారు. మూకండపల్లి కుర్రవాళ్ళు మంచివాళ్ళు, వరసగా వచ్చి వరసగా పోయారు. ఒకతను నా బల్ల దగ్గర టికెట్టు కొంటూ, "పది రూపాయలా అండీ? మా ఊళ్ళో అయితే అరుగు మీద కూర్చుని ఊరికే చూసేవాళ్ళం" అన్నాడు. అయినా కొన్నాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎప్పుడు కొట్టాలో కూడా తెలుసు. అయినా పొడుగాయన రెండో రోజు ఒక బంతిని అరచేతిలో ఆపుకున్నట్టు నాకనిపించింది, రెఫరీ ఈల వేయలేదు, ఎవరూ ఏమీ అనలేదు. తడికల అవతల నుంచి కూడా ఏమీ రాలేదు. అవతల ఉన్నవాళ్ళకు బంతి కనిపించదు కదా. చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి ఫైనలు. మేమూ కృష్ణగిరీ. మూడు గేములు ముందు గెలిచినవాళ్ళది కప్పు. మొదటి గేము మాదయ్యాక తలుపు దగ్గర ఉన్న నా బల్ల ముందుకు బావ వచ్చాడు. వెనకాల హమాలీలు, బండివాళ్ళు, కెలమంగలం రైతులు. అరుపులు లేవు, తోపులాట లేదు. బావ సోడాలు పెట్టే రేకు పళ్ళెం నా బల్ల మీద పెట్టాడు. దాని నిండా పావలా బిళ్ళలు.

"నేల టికెట్టు దుడ్డు ఇది. తలకు పావలా. లెక్క చూసుకో."

"నేల టికెట్టు లేదు బావా ఈ ఏడు. అచ్చే వేయలేదు."

"కాయితం యాడుంది అని మేము అడిగినామా? నేల ఆడే ఉండాది కదప్పా. ఎవురూ ఎత్తకపోలేదే."

నేను లోపలికి చూశాను. కుర్చీల ముందు వరసకూ గీతకూ మధ్య నిజంగానే నేల ఉంది. సర్దుకుంటే అందరూ పడతారు. నా ముందు ఏది పెట్టినా లెక్కపెట్టడం నా అలవాటు. లెక్కపెట్టాను. నూట ఎనభై తొమ్మిది బిళ్ళలు. తలలూ నూట ఎనభై తొమ్మిదే ఉండి ఉంటాయి, బావ ఇలాంటి విషయంలో తప్పడు. ఉండమని చెప్పి, పళ్ళెం బల్ల మీదే వదిలి, అధ్యక్షుడి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన కాదనలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. తన ఒక్కడి మాట మీద కుదరదని మిగతావాళ్ళను షామియానా వెనక్కి పిలిచాడు. ఒకాయన లోపలికి వదిలేద్దామన్నాడు. ఒకాయన, కుర్చీలవాళ్ళు డబ్బు వెనక్కి అడిగితే ఎవరు ఇస్తారన్నాడు. ఇంకొకాయన, అయితే చివరి గేముకు మాత్రం వదులుదాం, అప్పుడు ఎవరూ అడగరన్నాడు. అంతలో రెండో గేము కూడా మాదని కేక వినిపించింది. అంటే చివరి గేము ఇప్పుడు మొదలయ్యేదే కావచ్చు, ఇంకా రెండు గేముల తరువాత రావచ్చు. ఏది చివరిదో ముందు ఎలా తెలుస్తుందని వాదన పడింది. నేను వదలండి అన్నాను. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు అన్నాను. అధ్యక్షుడు సరే, ఈ గేములో కృష్ణగిరి పది పాయింట్లు దాటితే వదులుదామన్నాడు. నాకది న్యాయంగానే తోచింది. తలుపు దగ్గరికి వచ్చి బావకు అదే చెప్పాను.

కృష్ణగిరి పది దాటలేదు. పొడుగాయన ఆ సాయంత్రం ఆడినట్టు అంతకుముందు ఎన్నడూ ఆడలేదు. వెయ్యినూటపదహారుకు తగినట్టు ఆడాడనుకోవాలా, అది ఆయన ఎప్పుడూ ఆడే ఆటేనా, నేను చెప్పలేను. బంతి నేలను తాకిన ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కృష్ణగిరి ఆరు దగ్గర ఆగిపోయింది. మేం గెలిచాం. కుర్చీలవాళ్ళు లేచి బయటికి రావడం మొదలుపెట్టారు. దారి ఇవ్వడానికి నేలవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. తరువాత ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. బావ పళ్ళెం తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

కప్పు ఇచ్చాక తాంబూలం ఇచ్చారు. పొడుగాయన ఎప్పటిలాగే కళ్ళకద్దుకున్నాడు. తరువాత చేతులు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చి ఆ బిళ్ళల పళ్ళెం చూశాడు.

"నేల యాడప్పా ఈ ఏడు?" అన్నాడు. "ఆ సోడా అంగడాయన గొంతు వినలేదే. ఆయన తిట్టకుంటే నాకు చేయి ఎత్తబుద్ధి కాదు."

ఎందుకు లేదో చెప్పాను. టికెట్ల సంగతి, తడికల సంగతి, చివరికి ఆయన తాంబూలం సంగతి కూడా, చెప్పకూడదని తెలిసీ చెప్పేశాను.

"నేను అడిగినానా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, నిజంగా నన్ను అడుగుతున్నాడు. "ఏటేటా మీరు పెంచుతా ఉంటిరి. తగ్గించండప్పా అని తాంబూలం పట్టుకొని ఎట్ల అనేది? మీ ఊరు చిన్నబోదా? ఈడ ఎంత బాగుండాదో అనుకొంటి, ఇంత ఇస్తా ఉండారే అని."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది పందెం జరగలేదు. కొయ్యల అద్దె, కుర్చీల అద్దె అందరికీ ఇచ్చేశాం. సామాను అమ్మి, జేబులోంచి పెట్టుకుని, పైసా బాకీ లేకుండా తీర్చాం. ఆ తరువాత ఒకసారి మండీ పని మీద కృష్ణగిరి వెళ్ళి వస్తుంటే బస్సులో నా పక్కన వాళ్ళ కమిటీకి లెక్కలు చూసిన మనిషి కూర్చున్నాడు. బట్టల అంగడిలో పనిచేసే పెద్దమనిషి. వాళ్ళ పందెం కూడా ఆగిపోయింది. పగ పోయింది కాబట్టి మనసు విప్పి మాట్లాడుకున్నాం. మీరు రెండు వందల పదహారు ఎప్పుడు ఇచ్చారని అడిగాను.

"మీరు ఇచ్చినారని విన్నాక" అన్నాడు.

మేం ఇచ్చింది మీరిచ్చారని విన్నాక అన్నాను. ఇద్దరం ఏళ్ళు సరిచూసుకున్నాం. వేళ్ళ మీద, తరువాత బస్సు టికెట్టు వెనక. వాళ్ళు రెండు వందల పదహారు ఇచ్చింది మేమిచ్చిన నాలుగు నెలలకు. అయిదు వందల పదహారూ అంతే. అయితే మా చెవిన పడ్డ మొదటి మాట ఎక్కడిది? ఎవరూ ఇవ్వని డబ్బు ఇచ్చినట్టు ఎవరు చెప్పారు? బస్సు కండక్టరు అన్నాడేమోనని ఆయన, సోడా అంగడి దగ్గర ఎవరో ఊరికే గొప్పకు అన్నారేమోనని నేను. పొడుగాయన అని ఉండడని ఇద్దరం ఒప్పుకున్నాం. హోసూరు వచ్చేదాకా కూడి, తీసి చూశాం. తేలలేదు. దిగేటప్పుడు ఆయన, "అంతా మర్యాదకే చేసినాము కదప్పా" అన్నాడు. అవునన్నాను. అందులో తప్పు ఏ వరసలో ఉందో ఆయనకూ కనిపించలేదు, నాకూ కనిపించలేదు.

రేకు పళ్ళెంలోని డబ్బును నేను పందెం రాబడిలో కలపలేదు. చివరి ఏడాది తేడా పూడ్చేటప్పుడు, అది కూడా వచ్చిన డబ్బే కదా, కలిపేయమని కమిటీలో అన్నారు. టికెట్టు ఇవ్వలేదు, ఆట చూపించలేదు, రాబడి ఎలా అవుతుందన్నాను. మరి రాబడి కాకపోతే ఏమిటన్నారు. విడిగా గుడ్డలో కట్టి పెట్టాను. వారం తిరక్కముందే అంగడికి తీసుకెళ్ళి బావ ముందు పెట్టాను.

"నాది ఒక పావలానే అప్పా దాన్లో" అన్నాడు బావ. "మిగిలింది వాండ్లది. ఎవురిది వాండ్లకియ్యి."

హమాలీల దగ్గరికి వెళ్ళాను. ఒకతను నవ్వి, "పావలా ఏమి చేసుకొనేది అన్నా. ఆట చూపియ్యి, సరిపోతుంది" అన్నాడు. ఇంకొకతను అసలు తానివ్వలేదన్నాడు, ఇచ్చాడని నాకు తెలుసు. కెలమంగలం రైతులు ఎవరెవరో నాకు ముఖాలే తెలుసు, ఊళ్ళు తెలియవు. కొన్నాళ్ళకు సంతలో ఒకరిద్దరిని ఆపితే నన్ను వింతగా చూసి, ఎప్పటి మాటో అని నడిచిపోయారు. నేను ఒక్కరి చేతిలోనూ పెట్టలేకపోయాను. మళ్ళీ బావ దగ్గరికే వెళ్ళాను. కనీసం ఆయన పావలా అయినా తీసుకొమ్మన్నాను.

"నేల టికెట్టు దుడ్డు ఇచ్చినాము. నేల మీద కూచోబెట్టలేదు" అన్నాడు. "నేనొక్కణ్ణి తీసుకొంటే బాకీ తీరినట్టు అవుతుంది. తీరలేదు."

బావ నాతో మాట్లాడడం మానలేదు. పండగకు పిలుస్తాడు, సోడా ఇస్తాడు, పిల్లల చదువు అడుగుతాడు. బంతి మాట మాత్రం మా మధ్య రాదు. మైదానం పక్కనే అంగడి ఉన్నా అటు తిరిగి కూర్చోడు. ఫ్యాక్టరీ కుర్రవాళ్ళు సాయంత్రాలు అక్కడ ఆడుకుంటారు, ఎవరైనా చూడవచ్చు, టికెట్టు లేదు. బావ చూడడు.

ఎప్పుడైనా పని లేనప్పుడు ఆ బాకీని లెక్క వేస్తాను. ఆనాటి కుర్చీ ధరకు వేయాలా, నేల ధరకు వేయాలా, వడ్డీ కట్టాలా, ఒక్క గేముకే కదా అని మూడో వంతు చేయాలా అన్నది నాకు తేలదు. ఒక్కో రోజు ఒక్కో మొత్తం వస్తుంది. చివరికి వాళ్ళు పెట్టినదే రాసుకుంటాను. తలకు పావలా చొప్పున, నూట ఎనభై తొమ్మిది మందికి, ఈ రోజుకీ ఇవ్వవలసింది నలభై ఏడు రూపాయల పావలా.